ఏటీపీని వాడుకునే ఎంజైమును ఏటీపీయే ఆపుతుందా? పీఎఫ్‌కే-1 నియంత్రణపై సందేహాలు

శ్రావణి_బయోకెమ్

అందరికీ నమస్కారం. డిగ్రీ రెండో సంవత్సరం, బయోకెమిస్ట్రీ. కణం గ్లూకోజును విరిచి శక్తి తీసుకునే దారి, గ్లైకాలిసిస్‌లో మూడో మెట్టు దగ్గర ఆగిపోయాను. ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్-1 (పీఎఫ్‌కే-1) అనే ఎంజైము, కణానికి శక్తినిచ్చే ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేటును తీసి ఫ్రక్టోజ్-6-ఫాస్ఫేటుకు తగిలిస్తుంది, ఫ్రక్టోజ్-1,6-బిస్‌ఫాస్ఫేటు తయారవుతుంది. ఇక్కడి వరకు సరే. పేజీ తిప్పితే, ఏటీపీ ఎక్కువైతే ఈ ఎంజైము మందగిస్తుందని ఉంది. ముడిసరుకు పెరిగితే పని పెరగాలి కదా, తగ్గడం ఏమిటి?

రెండో సందేహం. మా లెక్చరర్ గారు దీన్నే "వేగాన్ని నిర్ణయించే మెట్టు" అంటారు. అలాగైతే మొదటి మెట్టులోని హెక్సోకైనేజ్ ఎందుకు కాదు? గైడులో ఏటీపీ, సిట్రేటు ఆపుతాయి, ఏఎంపీ, ఫ్రక్టోజ్-2,6-బిస్‌ఫాస్ఫేటు నడిపిస్తాయి అని ఒక పట్టిక ఉంది. బట్టీ పట్టాను. పట్టిక వచ్చింది, విషయం రాలేదు.

పాత_మాస్టారు (రాజమండ్రి)

మంచి ప్రశ్న అమ్మా. నేను ముప్పై ఏళ్లకు పైగా ఈ పాఠం చెప్పాను. పట్టిక అప్పజెప్పిన వాళ్లు చాలామంది ఉన్నారు, ఈ ప్రశ్న అడిగిన వాళ్లు తక్కువ.

ఏటీపీ ఈ ఎంజైము మీద రెండు వేర్వేరు చోట్ల కూర్చుంటుంది. ఒకటి పని జరిగే చోటు. అక్కడ ఏటీపీకి పట్టు గట్టిది, కొద్దిపాటి ఏటీపీ ఉన్నా చాలు, ఆ చోటు నిండిపోతుంది. కణంలో మామూలుగా ఉండే ఏటీపీ దానికి అవసరమైన దానికంటే చాలా ఎక్కువ. కాబట్టి ఏటీపీ ఇంకాస్త పెరిగినంత మాత్రాన చర్య వేగం పెరగదు. రెండోది నియంత్రణ స్థానం, అలోస్టెరిక్ స్థానం అంటారు. అక్కడ పట్టు బలహీనం. ఏటీపీ పుష్కలంగా ఉన్నప్పుడే ఆ చోటు నిండుతుంది. నిండగానే ఎంజైము ఆకారం మారి, ఫ్రక్టోజ్-6-ఫాస్ఫేటును పట్టుకునే శక్తి తగ్గిపోతుంది. గ్రాఫు గీస్తే ఎస్ ఆకారపు వక్రరేఖ కుడివైపుకు జరుగుతుంది.

అంటే ఒకే అణువు ఒక చోట ముడిసరుకు, మరో చోట సమాచారం. ఏటీపీ ఎక్కువైతే ఈ కైనేజ్ (ఫాస్ఫేటు తగిలించే ఎంజైము) మందగించడాన్ని 1956లోనే హెన్రీ లార్డీ, పార్క్స్ గమనించారు. 1962లో పాసన్నో, లౌరీ దీన్ని పాశ్చర్ ప్రభావంతో కలిపి చూపారు. ఈస్టుకు ఆక్సిజన్ అందితే చక్కెర వాడకం తగ్గుతుందని పాశ్చర్ 1861లో చెప్పాడు కదా, అదెందుకో వివరించడానికి దాదాపు నూరేళ్లు పట్టింది.

డ్యూటీ_డాక్టర్

మాస్టారు చెప్పింది సరే. పరీక్ష దగ్గరపడితే ఇది గుర్తుంచుకోండి: ఏటీపీ, సిట్రేటు, ఆమ్లత్వం ఆపుతాయి. ఏఎంపీ, ఏడీపీ, ఫ్రక్టోజ్-2,6-బిస్‌ఫాస్ఫేటు నడిపిస్తాయి. ఆమ్లత్వాన్ని చాలామంది వదిలేస్తారు. కండరంలో ఆమ్లత్వం మరీ పెరిగితే పీఎఫ్‌కే తగ్గిపోతుంది, దానితో లాక్టేటు తయారీ కూడా తగ్గుతుంది. హెక్సోకైనేజ్ సంగతి పెద్ద ప్రశ్నల్లో రాదు, దాని జోలికి పోకండి.

శ్రావణి_బయోకెమ్

ధన్యవాదాలు మాస్టారూ. రెండు స్థానాల సంగతి అర్థమైంది. అయితే ఇంకో చిక్కు. పరుగెత్తేటప్పుడు కండరంలో గ్లైకాలిసిస్ వంద రెట్లకు పైగా పెరగగలదని పుస్తకంలో ఉంది. అదే పుస్తకంలో, ఆ సమయంలో ఏటీపీ పది శాతం కూడా తగ్గదని ఉంది. ఇంత చిన్న మార్పును ఎంజైము ఎలా గుర్తిస్తుంది?

లెక్కల_మనిషి (జర్మనీ)

గుర్తించనవసరం లేదు. దాని బదులు ఏఎంపీని చూస్తుంది. ఏటీపీ ఒక ఫాస్ఫేటు పోగొట్టుకుంటే ఏడీపీ, రెండు పోగొట్టుకుంటే ఏఎంపీ. కణంలో అడినైలేట్ కైనేజ్ అనే ఎంజైము రెండు ఏడీపీలను కలిపి ఒక ఏటీపీ, ఒక ఏఎంపీ చేస్తుంది, రెండు వైపులా నడుస్తుంది. దాని సమతాస్థిరాంకం, అంటే ఏటీపీ, ఏఎంపీల లబ్ధాన్ని ఏడీపీ వర్గంతో భాగిస్తే వచ్చేది, సుమారు 0.5 అనుకుందాం. ఇప్పుడు లెక్క చూడండి.

మొదట ఏటీపీ 5, ఏడీపీ 1, ఏఎంపీ 0.1 మిల్లీమోలార్ ఉన్నాయనుకోండి. మూడూ కలిపి 6.1. పని పెరిగి ఏటీపీ 4.5కు దిగింది. మొత్తం మారకూడదు, సమతాస్థితి తప్పకూడదు. వర్గసమీకరణం సాధిస్తే ఏడీపీ 1.39, ఏఎంపీ 0.21 వస్తాయి. ఏటీపీ పది శాతం తగ్గింది, ఏఎంపీ రెట్టింపు దాటింది. ఏటీపీ 4కు దిగితే ఏఎంపీ 0.37, అంటే దాదాపు నాలుగు రెట్లు. పెద్ద రాశిలో చిన్న తగ్గుదల, చిన్న రాశిలో పెద్ద పెరుగుదల అవుతుంది. ఏఎంపీ వెళ్లి పీఎఫ్‌కే మీద ఏటీపీ వేసిన అడ్డును తొలగిస్తుంది. నిజమైన కండరంలో ఏఎంపీలో కొంత డీఅమినేజ్ అనే ఎంజైము చేతిలో ఐఎంపీ అనే మరో అణువు అయిపోతుంది కాబట్టి అంకెలు మారతాయి, దిశ మారదు.

వంద రెట్ల పెరుగుదల మొత్తాన్ని ఇదొక్కటే వివరించదు. ఫాస్ఫేటు, అమోనియం అయాన్లు, ఫ్రక్టోజ్-6-ఫాస్ఫేటు పెరుగుదల, అటువైపు కాల్షియం వల్ల కండరంలో నిల్వ ఉన్న చక్కెర, గ్లైకోజన్, కరగడం, ఇవన్నీ కలిస్తేనే అంత వేగం.

పాత_మాస్టారు (రాజమండ్రి)

ఈ లెక్క ప్రతి విద్యార్థీ ఒకసారి తన చేత్తో చేయాలి.

ఇక హెక్సోకైనేజ్ మాట. డాక్టరు గారు వద్దన్నా చెబుతాను. హెక్సోకైనేజ్ తయారుచేసే గ్లూకోజ్-6-ఫాస్ఫేటు ముందు మూడు దారులు ఉన్నాయి. గ్లైకోజన్‌గా దాచుకోవచ్చు, పెంటోజ్ ఫాస్ఫేట్ దారిలో వెళ్లి ఎన్‌ఏడీపీహెచ్‌నూ రైబోజునూ ఇవ్వవచ్చు, గ్లైకాలిసిస్‌లోకి దిగవచ్చు. పీఎఫ్‌కే దాటిన తర్వాత మాత్రం ఆ చక్కెర విరగక తప్పదు. అందుకే దీన్ని గ్లైకాలిసిస్‌కు కట్టుబడిన మొదటి మెట్టు అంటారు. ప్రమాణ పరిస్థితుల్లోనే మోలుకు 14 కిలోజౌళ్లకు పైగా శక్తి ఈ చర్యలో విడుదలవుతుంది, వెనక్కి నడవదు. వెనక్కి రావాలంటే ఫ్రక్టోజ్-1,6-బిస్‌ఫాస్ఫటేజ్ అనే వేరే ఎంజైము కావాలి.

ఇంకొకటి. పనిచేస్తున్న కండరం తన గ్లైకోజన్‌నే కరిగించుకుంటుంది. ఆ దారిలో గ్లూకోజ్-6-ఫాస్ఫేటు నేరుగా వస్తుంది, హెక్సోకైనేజ్ ప్రసక్తే లేదు. పైగా పీఎఫ్‌కే ఆగితే ఫ్రక్టోజ్-6-ఫాస్ఫేటు, దాని వెనుక గ్లూకోజ్-6-ఫాస్ఫేటు పేరుకుంటాయి. ఆ పేరుకున్నదే కండరంలోని హెక్సోకైనేజ్‌ను ఆపేస్తుంది. కాలేయంలో అదే పని చేసే గ్లూకోకైనేజ్ మాత్రం దీనికి లొంగదు.

లెక్కల_మనిషి (జర్మనీ)

> మా లెక్చరర్ గారు దీన్నే "వేగాన్ని నిర్ణయించే మెట్టు" అంటారు.

ఈ మాట మీదే నాకు అభ్యంతరం. నియంత్రణకు లోబడే ఎంజైము వేరు, వేగాన్ని నిర్ణయించే ఎంజైము వేరు. పాఠ్యపుస్తకాలు రెండింటినీ ఒకటి చేసేస్తాయి. వేగాన్ని పీఎఫ్‌కే నిర్ణయిస్తుంటే, దాని మోతాదు పెంచితే వేగం పెరగాలి. 1980ల చివర్లో ఈస్టులో పీఎఫ్‌కేతో సహా పలు గ్లైకాలిసిస్ ఎంజైములను మామూలు కంటే ఎన్నో రెట్లు తయారుచేయించి చూశారు. ఆల్కహాలు దిగుబడి వేగం పెరగలేదు. 1990ల మొదట్లో మళ్లీ చూశారు, పీఎఫ్‌కే పెరిగితే ఈస్టు తన ఫ్రక్టోజ్-2,6-బిస్‌ఫాస్ఫేటును తగ్గించుకుని మళ్లీ పాత వేగానికే వచ్చింది.

కాక్సర్, బర్న్స్ 1973లోనూ, హైన్రిక్, రాపోపోర్ట్ 1974లోనూ గణితంతో చెప్పిందిదే: దారిలోని మొత్తం వేగం మీద అదుపు చాలా ఎంజైముల మధ్య పంచుకుని ఉంటుంది. గోదావరి డెల్టాలో చివరి చేలు నిండి ఉన్నప్పుడు పైన తూము ఎంత ఎత్తినా ప్రవాహం పెరగదు, నీటిమట్టం మాత్రం పెరుగుతుంది. కండరంలో ఏటీపీని ఎంత వాడుతున్నారన్నదే వేగాన్ని నిర్ణయిస్తుంది. పీఎఫ్‌కే చేసేది, వేగం ఎంత మారినా ఏటీపీ మట్టం, మధ్యలోని ఫాస్ఫేటు చక్కెరల మట్టం గతి తప్పకుండా చూడటం. నా దృష్టిలో అది వేగం నిర్ణయించడం కంటే పెద్ద పని.

డ్యూటీ_డాక్టర్

సిద్ధాంతం బాగుంది. మరి కండరంలో పీఎఫ్‌కే లేని రోగుల మాటేమిటి? టరూయి వ్యాధి. జపాన్‌లో సెయిచిరో టరూయి, సహచరులు 1965లో ఒకే కుటుంబంలోని ముగ్గురు తోబుట్టువులలో వర్ణించారు. మెట్లెక్కితే కండరాలు బిగుసుకుపోతాయి, ఎక్కువ శ్రమ చేస్తే కండరంలోని మయోగ్లోబిన్ అనే ఎర్రని ప్రొటీను దిగి మూత్రం ముదురు రంగులో వస్తుంది. ఎంజైము లేకపోతే వేగం సున్నా అయింది కదా. ఇంతకంటే ఏం రుజువు కావాలి?

లెక్కల_మనిషి (జర్మనీ)

సున్నా అయితే ఏ ఎంజైమైనా దారిని ఆపుతుంది డాక్టరు గారూ. ఇదే దారిలో కిందనున్న ఎనొలేజ్ అనే ఎంజైము లేకపోయినా ఆగుతుంది, మరి దాన్ని ఎవరూ వేగాన్ని నిర్ణయించేది అనరే. అడగాల్సింది సగం ఉంటే ఏమవుతుందని. ఆ రోగుల తల్లిదండ్రులకు ఒక జన్యుప్రతి మంచిది, ఒకటి చెడ్డది. ఎంజైము సుమారు సగమే. వాళ్లకు సాధారణంగా ఏ లక్షణాలూ ఉండవు. వేగమంతా పీఎఫ్‌కే చేతిలోనే ఉంటే వాళ్లు సగం వేగంతో పరుగెత్తాలి.

డ్యూటీ_డాక్టర్

తల్లిదండ్రుల వాదన బలంగా ఉంది, ఒప్పుకుంటాను. అయినా వార్డులో నాకు పనికొచ్చేది సున్నా కథే.

ఆ వ్యాధిలో ఒక విచిత్రం ఉంది, శ్రావణి గారికి ఉపయోగం. గ్లైకోజన్ కరగని మెకార్డిల్ వ్యాధిలో వ్యాయామానికి ముందు గ్లూకోజ్ ఇస్తే రోగి తేరుకుంటాడు, ఎందుకంటే రక్తంలోంచి వచ్చిన గ్లూకోజ్ ఆ అడ్డంకికి దిగువన చేరుతుంది. టరూయి వ్యాధిలో గ్లూకోజ్ ఇస్తే ఇంకా నీరసిస్తాడు! గ్లూకోజ్ కూడా పీఎఫ్‌కే దగ్గరే ఆగిపోతుంది. పైగా ఇన్సులిన్ పెరిగి రక్తంలో కొవ్వు ఆమ్లాలు తగ్గుతాయి, కండరానికి మిగిలిన ముఖ్యమైన ఇంధనం అదే. అన్నం ఎక్కువ తిన్నాక వ్యాయామం మరింత కష్టమవుతుందని రోగి చెబితే వైద్యుడు చెవి పెట్టి వినాలి.

దీనికి తోడు ఎర్ర రక్తకణాలు కూడా కొంత పగులుతాయి. పీఎఫ్‌కే నాలుగు ముక్కల ఎంజైము. ముక్కలకు మూడు జన్యువులు: కండర రకం, కాలేయ రకం, ప్లేట్‌లెట్ రకం. కండరంలో కండర రకం మాత్రమే. ఎర్ర కణంలో కండర రకం, కాలేయ రకం కలిసి ఉంటాయి, అందుకే అక్కడ ఎంజైము సగం మిగులుతుంది.

మూగజీవాల_వైద్యుడు (టెక్సాస్)

ఈ జబ్బు కుక్కల్లోనూ ఉంది. ఇంగ్లిష్ స్ప్రింగర్ స్పానియల్ జాతిలో వంశపారంపర్యంగా వస్తుంది. మనుషుల్లో కండరాల బాధ ముందుంటే, వీటిలో రక్తకణాలు పగలడం ముందుంటుంది. యజమానులు చెప్పేది ఒకటే: వేటకు తీసుకెళ్తే, లేదా చాలాసేపు మొరిగితే, ఎండలో రొప్పితే మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తుంది. కారణం బాగుంటుంది. రొప్పితే కార్బన్ డైఆక్సైడ్ బయటకు పోయి రక్తం కాస్త క్షారమవుతుంది. పీఎఫ్‌కే లోపం వల్ల వీటి ఎర్ర కణాల్లో 2,3-బిస్‌ఫాస్ఫోగ్లిసరేటు తక్కువ, అటువంటి కణాలు క్షారాన్ని తట్టుకోలేక పగులుతాయి. జన్యుపరీక్ష ఉంది కాబట్టి జత కట్టించే ముందు చూసుకోవచ్చు. కుక్కకు వేసవిలో విశ్రాంతి ఇవ్వడమే మందు.

కృష్ణాతీరం

క్షమించాలి, నేను సైన్సు వాడిని కాదు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. పదేళ్లకు పైగా షుగరు ఉంది. రాత్రి ఏమీ తినకపోయినా ఉదయం పరగడుపున షుగరు ఎక్కువే చూపిస్తుంది. మీరు చెబుతున్న ఎంజైముకు దీనితో సంబంధం ఉందా? రెండోది, చక్కెర మానేసి బెల్లం వేసుకుంటున్నాను, అది నయమేనా?

పాత_మాస్టారు (రాజమండ్రి)

సంబంధం ఉంది సార్, కాలేయంలో. తినని వేళ కాలేయం గ్లూకోజ్ విరవడం ఆపి, తయారుచేసి రక్తంలోకి వదలాలి. ఈ మలుపు తిప్పేది ఫ్రక్టోజ్-2,6-బిస్‌ఫాస్ఫేటు అనే చిన్న అణువు. అది ఉంటే పీఎఫ్‌కే-1 ఉరకలు వేస్తుంది, దానికి ఎదురుగా పనిచేసే బిస్‌ఫాస్ఫటేజ్ ఆగుతుంది. లేకపోతే తలకిందులు. దీన్ని ఒకే ప్రొటీను తయారుచేస్తుంది, అదే ప్రొటీను మరో కొసతో విరిచేస్తుంది. పరగడుపున గ్లూకగాన్ హార్మోను పెరిగి ఆ ప్రొటీనుకు ఒక ఫాస్ఫేటు తగిలిస్తుంది. అప్పుడు తయారీ కొస ఆగి, విరిచే కొస పనిచేస్తుంది. తిన్న తర్వాత ఇన్సులిన్ దీన్ని వెనక్కి తిప్పుతుంది. మధుమేహంలో ఇన్సులిన్ మాట చెల్లక, గ్లూకగాన్ మాటే ఎక్కువ చెల్లుతుంది. రాత్రంతా కాలేయం గ్లూకోజ్ తయారుచేస్తూనే ఉంటుంది. ఉదయం షుగరు పెరగడానికి ఇది ఒక కారణం, ఒకే ఒక్క కారణం అనను.

ఈ అణువును బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయంలో వాన్ షాఫ్టింగెన్, హెర్స్ 1980లో కనిపెట్టారు. అప్పటికి గ్లైకాలిసిస్ దారి పూర్తిగా తెలిసి దాదాపు నలభై ఏళ్లయింది! ఇంతకాలం ఎందుకు దొరకలేదంటారా? కణాల్లోని చిన్న అణువులను తీయడానికి అందరూ ఆమ్లం వాడేవారు. ఈ అణువు ఆమ్లంలో ఇట్టే విరిగిపోతుంది. అందరూ దాన్ని చంపేసి ఆ తర్వాత వెతికారు. వేడికీ క్షారానికీ మాత్రం తట్టుకుంటుంది, ఆ గుణమే దాన్ని పట్టించింది.

డ్యూటీ_డాక్టర్

కృష్ణాతీరం గారూ, బెల్లం ప్రధానంగా సుక్రోజే. చక్కెరలో ఉన్నదే. కొద్దిగా ఇనుము, ఖనిజాలు ఉండవచ్చు గానీ షుగరు మీద ప్రభావం దాదాపు ఒకటే. నయం కాదు.

సుక్రోజులో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. ఈ చర్చకు సంబంధించిన సంగతి ఆ రెండో సగంలో ఉంది. కాలేయంలో ఫ్రక్టోజ్ వేరే కైనేజ్‌తో ఫ్రక్టోజ్-1-ఫాస్ఫేటుగా మారి, ఆల్డొలేజ్-బి అనే ఎంజైము దగ్గర విరిగి, పీఎఫ్‌కేకు దిగువన దారిలో కలుస్తుంది. ఏటీపీ చాలు, సిట్రేటు చాలు అని పీఎఫ్‌కే ఎంత ఆపినా ఫ్రక్టోజ్‌కు ఆ మాట వర్తించదు. మితిమీరితే కాలేయంలో కొవ్వుగా మారడానికి ఇదొక దారి. తీపి శీతల పానీయాలు మానమని అందుకే పోరుతాం. పండు తింటే అంత ఫ్రక్టోజ్ ఒక్కసారిగా రాదు, పీచు కూడా ఉంటుంది, దాన్ని మానక్కరలేదు.

ఇక్కడ చదివి మందులు మార్చుకోకండి. పరగడుపు అంకెలు రాసుకుని మీ వైద్యుడికి చూపండి.

కృష్ణాతీరం

సరే డాక్టరు గారూ, బెల్లం మానేస్తాను. మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నాను, అది ఈ ఎంజైము మీద పనిచేస్తుందా?

లెక్కల_మనిషి (జర్మనీ)

పీఎఫ్‌కే మీద నేరుగా కాదు. మెట్‌ఫార్మిన్ కాలేయంలో గ్లూకోజ్ తయారీని తగ్గిస్తుంది, ఎలా అన్నది ఇంకా వాదనలోనే ఉంది. ఒక వాదన ప్రకారం అది మైటోకాండ్రియాను కాస్త మందగింపజేయడంతో ఏఎంపీ పెరుగుతుంది, ఆ ఏఎంపీ పీఎఫ్‌కేకు ఎదురుగా ఉండే బిస్‌ఫాస్ఫటేజ్‌ను అణచివేస్తుంది. పైన వేసిన లెక్కే, కాలేయంలో.

హైటెక్_చెట్టు (హైదరాబాద్)

కోవిడ్ రెండో తరంగంలో మన దగ్గర 2-డీజీ పొడి పొట్లాలు వచ్చాయి. డీఆర్‌డీవో, డాక్టర్ రెడ్డీస్ కలిసి తెచ్చారు, సీసీఎంబీలో ప్రయోగశాల పరీక్షలు చేశారు. అదీ గ్లైకాలిసిస్‌ను ఆపే మందే కదా? పీఎఫ్‌కేనే పట్టుకోవచ్చుగా?

డ్యూటీ_డాక్టర్

2-డీఆక్సీగ్లూకోజ్‌ను హెక్సోకైనేజ్ గ్లూకోజే అనుకుని ఫాస్ఫేటు తగిలిస్తుంది. ఆ తర్వాతి మెట్టు దాటలేక కణంలో పేరుకుని, హెక్సోకైనేజ్‌కూ తర్వాతి ఐసోమరేజ్‌కూ అడ్డుపడుతుంది. పీఎఫ్‌కే వరకూ రాదు. 2021 మేలో అత్యవసర వినియోగానికి అనుమతించారు, ఆధారాలు సరిపోవని అప్పుడే చాలామంది వైద్యులు అన్నారు. నేను కూడా ఆ వైపే. క్యాన్సర్ పెట్ స్కాన్‌లో వాడే ఫ్లోరిన్ చక్కెర కూడా ఇలాగే మొదటి మెట్టు దగ్గర చిక్కుకుంటుంది, అందుకే గడ్డ మెరుస్తుంది.

పీఎఫ్‌కేను నేరుగా ఆపితే మెదడు, ఎర్ర కణాలు ముందు దెబ్బతింటాయి. అందుకని క్యాన్సర్ పరిశోధకులు దాన్ని వదిలి, ఫ్రక్టోజ్-2,6-బిస్‌ఫాస్ఫేటు తయారుచేసే ప్రొటీనులో పీఎఫ్‌కేఎఫ్‌బీ3 అనే రకం మీద పడ్డారు. చాలా గడ్డల్లో అది ఎక్కువ.

మూగజీవాల_వైద్యుడు (టెక్సాస్)

పీఎఫ్‌కేను తప్పించుకుని బతికే జంతువు కూడా ఉంది. తూర్పు ఆఫ్రికాలో నేల కింద గుంపులుగా ఉండే బోడి ఎలుక, నేకెడ్ మోల్ రాట్. ఆక్సిజన్ అసలు లేకుండా 18 నిమిషాలు ఉంచినా కోలుకుందని 2017లో ప్రచురించారు. ఆ సమయంలో దాని మెదడు, గుండె ఫ్రక్టోజ్ మీదికి మళ్లుతాయి. ఆక్సిజన్ లేక ఆమ్లం పేరుకుంటే పీఎఫ్‌కే మొరాయిస్తుంది కదా, ఫ్రక్టోజ్ దాని దిగువ నుంచి దారిలోకి వస్తుంది. డాక్టరు గారు కాలేయంలో తిట్టిన ఫ్రక్టోజ్ ఇక్కడ ప్రాణం నిలబెడుతోంది.

శ్రావణి_బయోకెమ్

నేనడిగిన దానికి పదింతలు దొరికింది. ఒక్కటి మాత్రం మిగిలింది. గ్లూకగాన్ వల్ల కాలేయంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరిగితే ఫ్రక్టోజ్-2,6-బిస్‌ఫాస్ఫేటు తగ్గి గ్లైకాలిసిస్ ఆగుతుంది. అడ్రినలిన్ కూడా సైక్లిక్ ఏఎంపీనే పెంచుతుంది. కుక్క తరుముతుంటే అడ్రినలిన్ వచ్చి గుండెలోనూ కాళ్లలోనూ గ్లైకాలిసిస్ ఆగిపోతే ఎలా?

పాత_మాస్టారు (రాజమండ్రి)

ఆగదు. ఫ్రక్టోజ్-2,6-బిస్‌ఫాస్ఫేటును తయారుచేసి, విరిచే ఆ రెండు పనుల ప్రొటీనుకు నాలుగు జన్యువులున్నాయి. కాలేయ రకంలో ఫాస్ఫేటు తగిలే చోటు 32వ స్థానంలోని సెరీన్ అనే అమైనో ఆమ్లం, తయారీ కొస పక్కన. తగిలితే తయారీ తగ్గుతుంది. గుండె రకంలో తగిలే చోట్లు అవతలి కొసన ఉన్నాయి. అక్కడ తగిలితే తయారీ పెరుగుతుంది, గుండె మరింత చక్కెరను వాడుకుంటుంది. కాళ్ల కండరాల రకంలో ఆ సెరీనే లేదు, కాబట్టి అడ్రినలిన్ మాట దాని చెవికెక్కదు. అదే సంకేతం, కణాన్ని బట్టి అర్థం వేరు. వైవాలో ఇది అడిగే పరీక్షకుడు దొరికితే అదృష్టమే.

శ్రావణి_బయోకెమ్

మరి పరీక్షలో "వేగాన్ని నిర్ణయించే ఎంజైము ఏది" అని వస్తే?

డ్యూటీ_డాక్టర్

పీఎఫ్‌కే-1 అని రాయండి. ఒక మార్కు.

లెక్కల_మనిషి (జర్మనీ)

రాయండి. పెద్ద ప్రశ్న అయితే ఈస్టు ప్రయోగాల గురించి రెండు వాక్యాలు చేర్చండి, దిద్దేవారికి కోపం వస్తే నా పేరు చెప్పండి.

శ్రావణి_బయోకెమ్

అలాగే సార్. వచ్చే వారం ప్రాక్టికల్స్‌లో ఫాస్ఫేటు అంచనా ఉంది, ఫిస్కే-సుబ్బారావు పద్ధతి. ఏటీపీని కనుగొన్నది కూడా ఆ సుబ్బారావు గారేనా?

పాత_మాస్టారు (రాజమండ్రి)

ఆయనే, భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కండరం నుంచి ఏటీపీని తీశారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా తీశాడు. మీరు చేయబోయే పద్ధతి 1925 నాటిది, నీలిరంగు ఎంత చిక్కగా వస్తే అంత ఫాస్ఫేటు. గాజు సామానును సబ్బు పొడితో కడగకండి, అందులోని ఫాస్ఫేటు అంటుకుని ఖాళీ గొట్టం కూడా నీలంగా వస్తుంది. పలుచని ఆమ్లంతో కడిగి, డిస్టిల్డ్ నీటితో రెండు మూడు సార్లు తొలిచి ఆరబెట్టండి.